గోనెపట్టా ఏ రిజిస్టరులో ఉంది?

పాత బడుల చరిత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. స్థాపించిన దొరో, రాజో మొదటి పేజీలో ఉంటాడు. తర్వాత హెడ్మాస్టర్ల వరస, ర్యాంకులు, కప్పులు, జడ్జీలూ మంత్రులూ అయిన పూర్వ విద్యార్థులు. దీన్నే 'బడి సంప్రదాయం' అంటారు. ఆ బళ్లో మంచినీళ్లు ఎవరు ముట్టొచ్చు, ఎవరు ముట్టకూడదు అన్నది మాత్రం సంప్రదాయం కిందికి రాదు. ఎందుకు రాదన్నదే మా ప్రశ్న.

సతారా గవర్నమెంటు హైస్కూలునే తీసుకుందాం. 1851లో మొదలైన బడి. భోంస్లే రాజుల పాత రాజవాడాలో నడిచింది. తర్వాత ప్రతాప్‌సింహ్ హైస్కూలు అయింది. 1900 నవంబరు 7న అంబేద్కర్ ఇక్కడ ఇంగ్లీషు మొదటి తరగతిలో చేరాడు. రిజిస్టరులో ఆయనది 1914వ నెంబరు. ఆ రిజిస్టరును బడి భద్రంగా దాచుకుంది. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ తేదీని విద్యార్థి దినంగా ప్రకటించింది. మంచిపనే, కాదనం. అయితే పండగ చేస్తున్నది పేరు ఎక్కిన రోజుకి. పేరు ఎక్కిన మర్నాటి నుంచీ ఏం జరిగిందో ఆ రిజిస్టరు చెప్పదు.

చెప్పింది అంబేద్కరే. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1901 నాటి సతారా కాలాన్ని తలుచుకుంటూ రాశాడు. చదువులో ఏ స్థానంలో ఉన్నా తోటిపిల్లల మధ్య కూర్చునే వీల్లేదు. మూల ఒక్కడే కూర్చోవాలి. కూర్చోవడానికి వేరే గోనెపట్టా. బడి ఊడ్చే నౌకరు కూడా దాన్ని ముట్టడు గనక సాయంత్రం ఇంటికి మోసుకుపోయి పొద్దున్నే మళ్లీ తెచ్చుకోవాలి. దాహమైతే మిగతా పిల్లలకి పంతులు 'వెళ్లు' అంటే చాలు, పోయి కుళాయి తిప్పుకుంటారు. ఈ పిల్లాడికి పంతులు సెలవు చాలదు, కుళాయి తిప్పడానికి ప్యూను ఉండాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు.

ఈ రచనని మనవాళ్లు ఆత్మకథగా చదువుతారు, కొలంబియా యూనివర్సిటీలో పాఠంగానూ పెట్టారు. మేం దీన్ని బడి చరిత్రగా చదవమంటున్నాం. ఇందులో ఒక పిల్లాడి బాధ మాత్రమే లేదు, ఒక సర్కారు సంస్థ రోజూ ఎట్లా నడిచిందో ఉంది. ఎవరి పని ఏది, ఎవరి చెయ్యి దేని మీద పడొచ్చు, పంతులు మాట ఎక్కడిదాకా చెల్లుతుంది - అన్నీ ఉన్నాయి. ఏ హెడ్మాస్టరూ రాసిపెట్టని నిబంధనలివి. రాసిపెట్టనక్కర లేకుండానే అందరికీ తెలుసు.

కాగితం మీద బడి అందరిదీ అని ఎప్పుడో తేలిపోయింది. అదే బొంబాయి రాష్ట్రంలోని ధార్వాడలో 1856లో ఒక మహర్ పిల్లాడు సర్కారు బళ్లో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఒక్కడి కోసం మిగతావాళ్లందరికీ బడి పనికిరాకుండా పోతుందని బొంబాయి ప్రభుత్వం కాదంది. 1858లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు, సర్కారు బళ్లు అన్ని వర్గాలవీ అన్నారు. ఆ మాటకీ సతారా గోనెపట్టాకీ మధ్య నలభై మూడేళ్లు. రిజిస్టరు సర్కారు చేతిలోకి వచ్చింది, కుళాయి కులం చేతిలోనే ఉండిపోయింది.

సతారా గురించి అందరూ ఇష్టంగా చెప్పే కథ ఇంకోటుంది. అంబేద్కర్ ఇంటిపేరుగల బ్రాహ్మణ పంతులు ఈ పిల్లాడిని ఆదరించి, తన పేరే ఇచ్చాడంటారు. రోజూ తన అన్నంలో కొంత పెట్టేవాడని ధనంజయ్ కీర్ 1954 నాటి జీవితచరిత్రలో రాశాడు. అంబేద్కర్ ఆ పంతుల్ని కృతజ్ఞతతోనే తలుచుకున్నాడు, దాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ కీర్ చెప్పిన తీరు చూడండి: ఆ అన్నం పిల్లాడి చేతుల్లోకి జారవిడిచేవాడు. దయగల పంతులు దగ్గర కూడా ఆ జానెడు ఎడం ఉంది. ఈ కథ చెప్పేవాళ్లు అన్నం దాకా చెప్పి ఆపేస్తారు, ఎడం మాట ఎత్తరు.

తర్వాత బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు. అదీ సర్కారుదే, ఇంకా పేరున్నది. ఆ పేరుగల గవర్నరు 1820లలో రాసిన విద్యా మినిట్‌లో, చదువు ముందుగా అడుగు కులాల్లో నాటుకుంటే పైకి పాకదని భయపడ్డాడు. ఆ భయం ఉత్త భయం కాదనడానికి తరగతి గదే సాక్ష్యం. లెక్క చెయ్యడానికి ఈ పిల్లాణ్ని బల్ల దగ్గరికి పిలిస్తే మిగతావాళ్లు దాని వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు తీసుకోవడానికి పరుగెత్తారని కీర్ రాశాడు. సంస్కృతం కావాలంటే కుదరలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1907లో మెట్రిక్ ప్యాసయ్యాడు, కీర్ లెక్క ప్రకారం 750కి 282 మార్కులు. ఎక్కువ వచ్చింది ఆ పర్షియన్‌లోనే. ప్రతిభ ప్రతిభ అని గొంతు చించుకునేవాళ్లు ఆ 282ని గోనెపట్టా పక్కన పెట్టి చదవాలి.

మన జిల్లా హైస్కూళ్లూ శతజయంతి సంచికలు వేసుకుంటూనే ఉన్నాయి. ఫొటోలకీ పద్యాలకీ చోటుంటుంది. ఆ బళ్లలో మొదటగా చేరిన మాల మాదిగ పిల్లలు ఎక్కడ కూర్చున్నారో, నీళ్లు ఎట్లా తాగారో రాసిన పేజీ కోసం మేం ఇంకా వెతుకుతున్నాం. సంచిక వేసేవాళ్లు అడగాల్సింది పూర్వపు హెడ్మాస్టర్లని కాదు. హాస్టలు పిల్లల్ని అడగాలి, గంట కొట్టిన అటెండర్లని అడగాలి. వాళ్లలో చాలామంది ఇప్పటికే ముసలివాళ్లయ్యారు.