ఐస్ ఫ్యాక్టరీ ఏ గూటిది?

ఈ వారం నన్ను ముందు చికాకు పెట్టి, ఆ తర్వాత ఆలోచనలో పడేసింది నాలుగంకెల సంఖ్య ఒకటి: 3530. అందరూ నిక్ కోడ్ అని పిలిచే జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, 2008 కూర్పులో ఐస్ తయారీకి ఇచ్చిన గూడు అది. ఇరుగుపొరుగున ఉన్నవి కరెంటు, గ్యాసు, ఆవిరి సరఫరా. భీమవరం చుట్టుపక్కల ఎవరినడిగినా ఐస్ ఫ్యాక్టరీ రొయ్యల వ్యాపారంలో భాగమనే చెబుతారు. పట్టుబడి రోజున చెరువు గట్టుకి ఐస్ రాకపోతే సరుకు సరుకు కాదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి విద్యుత్తు పక్కన కూర్చోబెట్టడమేమిటి? లెక్క మొదలెట్టే ముందు దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలన్న నా పట్టుదల ఈ శీర్షిక చదివేవారికి కొత్త కాదు. ఆ తేల్చుకోవడానికే పుట్టిన పుస్తకం మనల్ని ఇలా తికమక పెడితే ఎలాగన్నది నా మొదటి కోపం.

రొయ్య ఒకటే అయినా దాని చుట్టూ గూళ్లు అరడజనుకు పైనే. వనామీ రకం రొయ్యను సముద్రపు నీటిలోనో ఉప్పుటేటి నీటిలోనో పెంచితే 0321, అంటే సముద్ర జలసాగు. అదే వనామీని మంచినీటి చెరువులో పెంచితే 0322. చెరువు సముద్రానికి ఎంత దూరమని పుస్తకం అడగదు, నీళ్లు ఏవని అడుగుతుంది. మేత తయారీ 1080. తల తీసి, ఒలిచి, గడ్డకట్టించే ప్లాంటు 1020. కోల్డ్ స్టోరేజీ 5210. గోదావరి జిల్లాల రొయ్యల వ్యాపారం ఎంతో తెలుసుకోవాలనుకున్నవాడు వీటిలో ఒక్క అంకె పట్టుకుని బయల్దేరితే ఏనుగు తోక పట్టుకున్నట్టే. ఈ కోడ్లు గుమాస్తాల సౌకర్యానికి తప్ప వ్యాపార పరిశోధనకు పనికిరావని తేల్చేయడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది.

కానీ అదే పుస్తకం కొనుగోలుదారుల్ని ఎలా విడదీసిందో చూడండి. రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేవారు 4610లోకి వస్తారు. సొంత డబ్బుతో కొని అమ్మేవారు 4630లోకి వస్తారు. ఊళ్లో ఇద్దరినీ మనం వ్యాపారులనే అంటాం. ఇద్దరి ఫోన్లూ ఒకేలా మోగుతాయి, ఇద్దరూ అదే కౌంటు, అదే ధర మాట్లాడతారు. కానీ ధర పడిపోయిన రోజున ఒకరికి తగ్గేది కమీషన్, మరొకరికి కరిగేది పెట్టుబడి. ఆ తేడా వాడుక మాటలో లేదు, పుస్తకంలో ఉంది. ఎందుకంటే అది నువ్వు ఏ వ్యాపారానికి చెందినవాడివని అడగడం లేదు. ఏ పని చేస్తున్నావు, దేనితో చేస్తున్నావు అని అడుగుతోంది. ఈ ప్రశ్నతో ఐస్ ఫ్యాక్టరీ దగ్గరికి తిరిగి వస్తే 3530 తప్పుగా కనిపించదు. నీళ్లు, యంత్రాలు, కరెంటు: అక్కడ జరిగేది కరెంటును చల్లదనంగా మార్చి అమ్మడం. రొయ్యతో దానికున్నది గిరాకీ బంధం, కరెంటుతో ఉన్నది ఖర్చు బంధం. అప్పు ఇవ్వబోయే బ్యాంకైనా, పక్కనే మరోటి పెట్టాలనుకునేవారైనా రొయ్య ధరతో పాటు యూనిట్ రేటు కూడా చూడాలి.

పుస్తకం బాగానే ఉంది, కాగితాల మీద కంపెనీలకు పడ్డ కోడ్ల మాటేమిటని అడగవచ్చు. ఈ అభ్యంతరం నిజంగా బలమైనది. కంపెనీల గుర్తింపు సంఖ్యలో మొదటి అక్షరం తర్వాతి ఐదంకెలు పరిశ్రమ కోడే. రిలయన్స్ ఇండస్ట్రీస్ సంఖ్యలో అది 17110. పాత కూర్పు ప్రకారం అది నూలు, బట్టల పద్దు. 2008 కూర్పులో 17 అంటే కాగితం. ఇన్ఫోసిస్ సంఖ్యలో ఉన్నది 85110. 2004 కూర్పులో ఆ గూడు ఆసుపత్రులది, 2008లో 85 విద్యది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఖ్యల్లో తరచుగా కనిపించే 72200 సంగతీ అంతే. 2004లో 72 కంప్యూటర్ పనులు, 2008లో శాస్త్ర పరిశోధన. ఏ కూర్పో చూడకుండా జాబితా దించుకున్నవారికి హైదరాబాద్ ప్రయోగశాలల నగరంగా కనిపిస్తుంది. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదులోనైతే కోడు ఎంచుకునేది దరఖాస్తుదారే. టోకు, చిల్లర వ్యాపారాలను అందులోకి 2021 జూలైలో తీసుకున్నారు, అదీ ప్రాధాన్య రంగ రుణాల వరకే. పచ్చళ్లు పట్టి, దుకాణంలో వేరేవాళ్లవీ అమ్మేవారికి చిల్లర వ్యాపారమనే 47 కంటే పచ్చళ్ల తయారీ అనే 10306 రాసుకోవడమే మేలు. అది మోసం కాదు. నియమం ఎటు వంగితే మనిషీ అటే వంగుతాడు.

అంటే నమ్మదగ్గది పుస్తకంలోని వివరణ. అనుమానించాల్సింది సంస్థ మీద పడ్డ ముద్ర. మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు: వివరణలు చదివే ఓపిక ఎవరికీ లేదు, ముద్రల్ని మాత్రం కూడి పట్టికలు వేస్తున్నారు. సరుకు చెరువు నుంచి ఓడ దాకా వెళ్లే దారిలో ప్రతి పనికీ గూడు వెతికి రాసుకుంటే, ఎవరెవరిని కలవాలో, ఏమడగాలో సగం తేలిపోతుంది. సంఖ్యలు ఆ తర్వాతి మాట. 3530లో ఐస్‌తో పాటు ఆవిరి, ఎయిర్ కండిషనింగ్ సరఫరా కూడా కలిసే ఉన్నాయి కాబట్టి ఆ నాలుగంకెల దగ్గర ఐస్ ఫ్యాక్టరీల లెక్క విడిగా దొరకదు. వాటిని లెక్కపెట్టాలంటే భీమవరంలో, నెల్లూరులో కాళ్లరిగేలా తిరగాల్సిందే. ప్రతి గేటు దగ్గరా దిమ్మ ధర కంటే ముందు పోయిన నెల కరెంటు బిల్లు అడగాలి.