మనశ్శాంతి ఎవరి లెక్క?

పొద్దున్నే టీవీ పెడితే మనశ్శాంతి ఎలా పొందాలో చెప్పే గొంతులే. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల దేవస్థానం వారి ఛానల్ వచ్చాక తెలుగులో ఈ సరుక్కి కొదవలేదు. పూజలు, ప్రవచనాలు చూపేవాటిని విమర్శించడం తేలిక. వాటిలో మనువు బాహాటంగానే కూర్చుని ఉంటాడు. బ్రహ్మకుమారీల కార్యక్రమాల్ని విమర్శించడమే కష్టం.

ఆస్థా ఛానల్లో ఏళ్ల తరబడి వచ్చిన 'అవేకెనింగ్ విత్ బ్రహ్మకుమారీస్' చూడండి. పురోహితుడు లేడు, మంత్రం లేదు. తెల్లచీర కట్టుకున్న శివాని, ఎదురుగా సినిమా నటుడు సురేష్ ఒబెరాయ్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఆడమనిషి గురువు స్థానంలో కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు. ఆ మేరకు ఒప్పుకోవాల్సిందే.

మరి ఆమె చెప్పేదేమిటి? నీ బాధకు కారణం ఎదుటి మనిషి కాదు, నీ ఆలోచనే. అవతలివాడు నీకు చేసింది మీ మధ్య పాత జన్మల నుంచి నడుస్తున్న కర్మ లెక్క. క్షమించి ఆ లెక్క మూసెయ్. అత్తాకోడళ్ల తగాదాకి, ఆఫీసులో అధికారి విసుగుకి ఈ మందు పనిచేస్తుందేమో. దీన్నే వెలివాడకి తెచ్చి చూద్దాం.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ లెక్క ఏ జన్మది? చుండూరు గురించి వాళ్లేదో అన్నారని కాదు నా మాట. ఆ సూత్రాన్ని చివరిదాకా లాగితే హంతకుడు బాకీ వసూలు చేసుకున్నవాడవుతాడు, చచ్చినవాడు బాకీదారవుతాడు. కులం పేరెత్తకుండానే కులానికి పునాది వేసిన వాదం ఇదే గదా!

చట్టం తన పని తాను చేస్తుంది, నువ్వు కోపం వదులుకో అంటారు. చట్టం తనంతట తాను కదిలిన పల్లె ఏది? చుండూరు దళితులు లెక్క మూసెయ్యలేదు. చచ్చినవాళ్లని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. విచారణ మా ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని అక్కడికే రప్పించారు. భక్తి టీవీ మొదలైన ఆ 2007లోనే ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా ఆ పదహారేళ్ల అశాంతి లేకపోతే ఆ ఒక్క తీర్పూ వచ్చేది కాదు.

శాంతి మాట అంబేద్కర్ కూడా ఎత్తారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన పట్టుకున్నది బుద్ధుడి చెయ్యే. కానీ 'బుద్ధుడు, అతని ధమ్మం'లో ఆయన చెప్పిన ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన నీతి. ఒంటరివాడికి దాని అవసరమే లేదన్నారు. ఈ జన్మ దరిద్రానికి పోయిన జన్మ కర్మ కారణమనే వాదాన్ని అదే పుస్తకంలో తోసిపుచ్చారు. 1927లో మహాడ్ చెరువు దాకా నడిచినవాళ్లు తమ ఆలోచన మార్చుకుని దాహం తీర్చుకోలేదు. నీళ్లు ముట్టుకుని తీర్చుకున్నారు.

ఈ కార్యక్రమాల్ని మన ఇళ్లల్లోనూ చూస్తున్నారు. రోజంతా అవమానం మోసి వచ్చిన తల్లి ఒక పావుగంట ఊరట కోరుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఊరట వేరు, వివరణ వేరు. ఈ తేడాని మన బస్తీల్లో, హాస్టళ్లలో, క్లాసు గదుల్లో విడమరిచి చెప్పాలి. ఆ వివరణ కూడా నమ్మామా, మన మీద జరిగిన నేరానికి మనమే ముద్దాయిలం.