ఏరు దాటిన మాటలు

థామస్ బరో, ముర్రే ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో భాషల వరస ఎక్కడా మారదు. తమిళంతో మొదలై మలయాళం, కోత, తొద, కన్నడం, కొడగు, తుళు మీదుగా తెలుగుకు వస్తుంది. తెలుగు తరవాత కొలామీ, నాయికీ, పర్జీ, గదబ, గోండీ. ఆ తరవాత కొండ, పెంగో, కువి, కుడుఖ్, మాల్తో. చివరికి బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ. మొదటి కూర్పు 1961లో, రెండోది 1984లో వచ్చాయి. రెండో కూర్పులో పద్దులు ఐదున్నర వేలు దాటాయి. ప్రతి పద్దులోనూ ఇదే క్రమం. పటం మీద దక్షిణం కొస నుంచి వేలు పైకి జరిపితే దాదాపు ఈ వరసలోనే ఊళ్ళు తగులుతాయి. అందువల్ల తెలుగు మాట చదవడం పూర్తి కాగానే చూపు బస్తరు అడవుల మాటల మీద పడుతుంది. తెలుగుకు ఒక పక్క తుళు, కన్నడాలు ఎంత చుట్టాలో, రెండో పక్క పర్జీ, గోండీలు అంత చుట్టాలని ఆ పేజీ ఏ వాదమూ చెయ్యకుండానే చూపిస్తుంది.

ఈ పుస్తకం పనితనాన్ని దగ్గరగా చూడాలంటే దాటడాన్ని చెప్పే మాటల దగ్గర ఆగాలి. చెట్టు పేరో చేప పేరో అయితే అర్థం ఉన్నచోటే ఉంటుంది, కూర్చేవాడి పని తేలిక. దాటే మాట అలా కాదు. ఏరు దాటుతుంది, ఏడు దాటుతుంది, హద్దు దాటుతుంది, ఆజ్ఞ దాటుతుంది, గండం దాటుతుంది. ఇన్ని అర్థాల్లో దేన్ని ముందు పెట్టాలి, దేన్ని ఏ భాష దగ్గర నిలపాలి అన్నచోటే నిఘంటుకారుడి చెయ్యి కనబడుతుంది.

మన ‘దాటు’నే తీసుకోండి. తమిళంలో ఇది తాండు, కన్నడంలో దాంటు, దాటు. తమిళంలో గెంతడం, ఎగిరి అవతల పడటం ముందు వస్తాయి. దాటడం, మించడం, అతిక్రమించడం వాటి వెనక వస్తాయి. అంటే ఈ మాట పడవలో పుట్టలేదు, కాలిలో పుట్టింది. వాగు ఇవతల రాయి మీద నిలబడి అవతల రాయి మీదికి గెంతిన కాలు ఇందులో ఉంది. శివుడి తాండవానికి ఈ తాండుతో చుట్టరికం చూసిన పండితులున్నారు. తమిళ, కన్నడాల్లో వినబడే అనునాసికం తెలుగులో ఏమైంది అని అడిగితే, అది అరసున్న అయింది. పాత నిఘంటువుల్లో ‘దాఁటు’ అని రాసేవారు. అచ్చులోంచి అరసున్న వెళ్ళిపోయాక ఆ గుర్తు మనకు కనబడటం లేదు కాని, బరో, ఎమెనోల పద్దులో తమిళ రూపం పక్కన తెలుగు రూపం చూడగానే అక్కడేముండేదో తెలిసిపోతుంది.

రెండో కుదురు ఇంకా పెద్దది. తమిళంలో కడ అంటే దాటు. మలయాళంలో కడవు అంటే పడవ ఎక్కే రేవు. తెలుగులో కడచు, గడచు. ఏటి ఒడ్డున మొదలైన మాటను తెలుగు నేరుగా కాలంలోకి తీసుకుపోయింది. ‘గడచిన ఏడాది’ అంటాం. తనంతట దాటిపోయేది గడవడం, మనం దాటించేది గడపడం. ఒక్క ప్రత్యయం మార్పుతో ఎంత లోతైన తేడా తెచ్చారో చూడండి: రోజు గడుస్తుంది, మనం రోజు గడుపుతాం. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీద 1961లో తెచ్చిన గ్రంథం ఇలాంటి ప్రత్యయాలు ధాతువుకు ఎలా అతుక్కున్నాయో విప్పి చూపింది. వ్యుత్పత్తి నిఘంటువు, ఆ గ్రంథం ఒకే ఏడాది వెలువడటం తెలుగు భాష అదృష్టం.

బరో, ఎమెనోల గొప్పతనం ఎక్కువగా వాళ్ళు చెప్పకుండా వదిలిన దానిలో ఉంది. దాటడం నుంచి కాలానికి, కాలం నుంచి అతిక్రమానికి ఎలా వచ్చామో వాళ్ళు ఒక్క వాక్యం కూడా రాయరు. రూపం, అర్థం, ఒక సెమికోలన్, మళ్ళీ రూపం. అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం. మాట సంస్కృతంలోకో ఉత్తరాది భాషల్లోకో వెళ్ళిందనిపిస్తే పద్దు చివర ఒక వాలుగీత గీసి, దాని తరవాత సంస్కృత రూపం పెడతారు, లేదా ఇండో ఆర్య భాషలకు టర్నర్ కూర్చిన నిఘంటువులోని సంఖ్య ఇస్తారు. ఒక భాషా కుటుంబం నుంచి మరో దానికి పోయే చోటును అంత సన్నని గీతతో చూపడం నాకు చాలా ఇష్టం. ఊహలు కట్టడానికి బోలెడు చోటున్నా కట్టలేదు. చదివేవాడి మీద ఇంత నమ్మకం ఉంచిన పుస్తకాలు తక్కువ.

ఆ పద్దుల్లోకి పర్జీ మాటలు చేరడం వెనక బస్తరులో చేసిన పనుంది. జగదల్‌పుర్ చుట్టుపక్కల, కాంగేర్ లోయ వైపు ఉండే ధుర్వా ప్రజల భాష పర్జీ. గ్రియర్సన్ భాషా సర్వే దాన్ని గోండీకి మాండలికంగా లెక్కగట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడైన బరో, భారత ప్రభుత్వ మానవశాస్త్ర విభాగంలో పనిచేసిన సుధీభూషణ్ భట్టాచార్య కలిసి ఆ భాష మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చుని విన్నారు. 1953లో పర్జీ భాష మీద వాళ్ళ పుస్తకం వచ్చింది. అందులో వ్యాకరణం, ఆ జనం చెప్పిన కథలు, పదకోశం ఉన్నాయి. పర్జీ గోండీ కాదని, కొలామీ, గదబలతో కలిసి నడిచే వేరే భాష అని తేలింది.

వాళ్ళ చెవి ఎంత పదునైనదో ఒక చిన్న ఉదాహరణ. తెలుగు పాలు పర్జీలో పేల్. తమిళ పల్, మన పల్లు, పర్జీలో పెల్. తమిళంలో రాయి కల్ అయితే పర్జీలో కెల్. ‘ల’ ముందున్న అకారం ఎకారం అయింది. ఇలాంటివి వరసగా పేర్చి చూస్తే పొరపాటు కాదు, నియమం అని తెలుస్తుంది. ఆ నియమం తెలిశాకనే ఏ పర్జీ మాటను ఏ పద్దులో పెట్టాలో తెలుస్తుంది. పద్దులో పర్జీకి దక్కేది అర పంక్తే కావచ్చు, దాని వెనక అడవి ఊళ్ళలో విన్న గంటలున్నాయి. ఇద్దరూ అక్కడితో ఆగలేదు. 1960లో గోండీ మాండలికాల తులనాత్మక పదకోశం, 1970లో పెంగో భాష మీద పుస్తకం తెచ్చారు.

బస్తరుకు తెలుగు రావడం కూడా దాటడం కథే. బార్సూర్‌లో ఛిందక నాగుల కాలపు తెలుగు శాసనం ఉంది. చంద్రాదిత్యుడనే తెలుగు సామంతుడు కట్టించిన శివాలయాన్ని, తవ్వించిన చెరువును అది చెబుతుంది. అది 11వ శతాబ్దం మాట. ఓరుగల్లు 1323లో పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తరు రాజవంశం చెప్పుకుంది. దంతేవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం వంశాన్ని ఓరుగల్లుతోనే ముడిపెడుతుంది. దంతేశ్వరి అమ్మవారు అందెలు మోగిస్తూ అన్నమదేవుడి వెనక నడిచిందని, వెనక్కి చూడొద్దని చెప్పిందని అక్కడి కథ. శంఖినీ, డంకినీ నదులు కలిసే చోట పాదాలు ఇసుకలో దిగబడి అందెల చప్పుడు ఆగింది. ఆయన తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది.

అది నదులు కలిసే చోటు, గుడి వెలిసిన చోటు. సంస్కృతంలో ఈ రెంటినీ కలిపి చెప్పే మాట తీర్థం. దిగి దాటగలిగే రేవే మొదట తీర్థం. తర్వాత అక్కడి నీళ్ళు పవిత్రమయ్యాయి, ఊరు పవిత్రమైంది. తెలుగులో అది పూజారి ఉద్ధరిణెతో చేతిలో పోసే నీరయింది, ఉత్తరాంధ్రలో జాతర పేరయింది. దాటించే గురువు కూడా తీర్థమే, అందుకే ఒకే గురువు దగ్గర చదివినవాళ్ళు సతీర్థ్యులు. జైనులకు రేవు కట్టినవాడు తీర్థంకరుడు. కాంగేర్ లోయలో మూడు వందల అడుగుల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకే జలపాతం పేరు తీరథ్‌గఢ్, ఈ మాటే. ధుర్వా ఊళ్ళ నడుమ నిలబడిన సంస్కృతపు రేవు అది.

తీర్థానికి మూలమైన ‘తౄ’ ధాతువు సంతతి లెక్కకు మించింది. తరించు, తరి, వైతరణి, దుస్తరం. ‘అవ’ చేరితే పైనుంచి దిగిరావడం, అవతారం. ‘ఉత్’ చేరితే అవతలి ఒడ్డుకు ఎక్కడం, పరీక్షలో ఉత్తీర్ణత. ‘వి’ చేరితే వితరణ, ‘ప్ర’ చేరితే ప్రతారణ, అంటే మోసం. అవతలి ఒడ్డు పారం. ఆ ఒడ్డు చేరినవాడు పారంగతుడు, చివరిదాకా చదవడం పారాయణం, ఒడ్డు లేనిది అపారం. బస్తరు సంతల్లో హిందీలో ‘నదీ పార్’ అని వినబడేది ఆ పారమే.

ఇక్కడ నాకు తోచేది ఒకటుంది. ద్రావిడ ‘దాటు’ కాలితో మొదలైంది, సంస్కృత ‘తౄ’ నీటితో. గెంతిన కాలు ఒకటి, ఈదిన ఒళ్ళు ఒకటి. రెండూ వేరువేరు దారుల్లో బయలుదేరి మించడానికి, గెలవడానికి చేరాయి. తెలుగు రెండు రకాల్నీ ఉంచుకుని పని పంచింది. కాలాన్ని గడుపుతాం, గీతను దాటుతాం, సంసారాన్ని తరిస్తాం, పరీక్షలో ఉత్తీర్ణులమవుతాం. ఒకదాని చోట మరొకటి పెట్టి చూడండి, వాక్యం నిలబడదు. ఆపద నుంచి బయటపడితే మాత్రం గట్టెక్కుతాం, అది పూర్తిగా మన ఏటిగట్టు. రేవు కూడా అంతే. ఏటి రేవు, చాకిరేవు, ఓడరేవు అని పనిని బట్టి కొలత మార్చుకుంటూ పోయింది.

ఘాట్ అన్న మాట బస్తరులో నది రేవుగా, కొండ దారిగా రెండు పనులూ చేస్తుంది. ఇంద్రావతి మీది బోధ్‌ఘాట్ నది పక్కది. రాయపూర్ నుంచి జగదల్‌పుర్ వచ్చే దారిలో పన్నెండు మలుపుల కేశకాల్ ఘాటీ కొండది. మనమూ అంతే, పుష్కర ఘాట్‌లో దిగుతాం, తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతాం. కొండ దాటే చోటుకు కనుమ అనే చక్కని మాట ఉండగా రోడ్డుకు ఘాట్‌ను ఎందుకు తెచ్చుకున్నామో నాకు బాధగానే ఉంటుంది.

వ్యుత్పత్తి నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో అందరికీ తెరిచి ఉంచింది. మాటలన్నీ రోమన్ లిపిలో ఉంటాయి, మూర్ధన్యాలకు అక్షరం కింద చుక్క ఉంటుంది. వెనక భాషల వారీ సూచికలతో పాటు ఇంగ్లీషు అర్థాల సూచిక కూడా ఉంది. గడచు ఉన్న పద్దు తెరిచి తెలుగు దగ్గర ఆగకుండా కిందికి చదవండి. మన గడువు, గడప ఈ కుదురులోవేనని నా నమ్మకం. గడప ఇంటికి మొదటి రేవు కదా. కాని నా నమ్మకం పక్కన పెట్టి, ఆ ఇద్దరూ ఏం చేర్చారో, ఎక్కడ ప్రశ్నార్థకం పెట్టారో చూడండి. ఆ తరవాత పర్జీ, గోండీ పంక్తులు చదవండి.