‘అంపశయ్య’లో మనోవేదన: ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం:
నవీన్ రచించిన ‘అంపశయ్య’ నవలలో కథానాయకుడు రవి పడే మనోవేదనను ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతగా, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌గా, గుర్తించవచ్చా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైద్యపరిభాషను సాహిత్యానికి అన్వయించేటప్పుడు పాటించవలసిన హద్దులను, తెలుగు కథనాల్లో మనోవైద్యుని స్థానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: అంపశయ్య, నవీన్, చైతన్యస్రవంతి, ఆఘాతం, మనోవైద్యం, ఉస్మానియా.

1. ఉపోద్ఘాతం

1969లో వెలువడిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజును చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించింది. పీడకల, నిద్రలేమి, అపరాధభావం, ఆగకుండా తిరిగివచ్చే జ్ఞాపకాలు ఈ నవలలో అడుగడుగునా కనిపిస్తాయి. వీటిని చూసి రవిని ‘ట్రామా’ బాధితుడని నిర్ధారించడం సులభం. ఆ నిర్ధారణ ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రుగ్మత స్వరూపం

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల్లో కనిపించిన ఈ తరహా స్థితిని ‘షెల్ షాక్’ అన్నారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పులో దీనిని ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. 2013 నాటి అయిదవ కూర్పు ప్రకారం నిర్ధారణకు మరణం, మరణభయం, తీవ్రమైన గాయం లేదా లైంగికహింసకు గురికావడం మొదటి షరతు. ఆపై ఘటన మనసులోకి చొరబడుతూ ఉండటం, దానిని గుర్తుచేసేవాటిని తప్పించుకోవడం, ఆలోచనల్లో, భావాల్లో ప్రతికూల మార్పులు, నిరంతర ఉలికిపాటు అనే నాలుగు విధాల లక్షణాలు నెలకు మించి కొనసాగాలి. జీవితం కుంటుపడాలి.

ఉస్మానియా ప్రాంగణానికి సమీపంలోని హబ్సిగూడ నుంచే ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 2020 అక్టోబరు వరదల్లో ఆ ప్రాంతపు కాలనీల్లోకి నీరు చేరింది. అటువంటి రాత్రి ప్రాణభయంతో గడిపిన వ్యక్తి, నెలలు గడిచాక కూడా చినుకు శబ్దానికి వణికిపోతూ, నీరు మళ్లీ గుమ్మం దాటుతున్నట్లే అనుభవిస్తే వైద్యుడు ఈ రుగ్మతను అనుమానిస్తాడు. అదే వరదలో సామాను పోగొట్టుకుని అప్పులతో కుంగిపోయిన వ్యక్తి బాధ తక్కువదేమీ కాదు. కానీ దాని స్వభావం వేరు, చికిత్స వేరు.

3. రవి వేదన: పోలిక, భేదం

పైకి కనిపించే లక్షణాలను బట్టి చూస్తే రవి మొదటి వ్యక్తికి దగ్గరగా ఉన్నాడనిపిస్తుంది. వేదన మూలాలను బట్టి చూస్తే రెండవ వ్యక్తికే సన్నిహితుడు. పేదరికం, చదువు భారం, ఇంటివారి ఆశలు, లైంగికవాంఛ వెంట వచ్చే అపరాధభావం అతనిని పీడిస్తాయి. ఇవేవీ ముగిసిపోయిన ఘటనలు కావు. ప్రతి ఉదయం కొత్తగా మొదలయ్యే పరిస్థితులు.

వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలోవే’ (1925)తో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. అదీ ఒక్క రోజు కథే, చైతన్యస్రవంతి నవలే. అందులో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సెప్టిమస్ మనసు మరణించిన మిత్రుడు ఎవాన్స్ దగ్గరే ఆగిపోతుంది. పార్కులో ఉన్నా, ఇంట్లో ఉన్నా మృతుడే ప్రత్యక్షమవుతాడు. రవి మనసు అలా ఒకే బిందువు దగ్గర గడ్డకట్టదు. ఒక జ్ఞాపకం మరో జ్ఞాపకాన్ని తెస్తుంది, అది రేపటి భయానికి దారితీస్తుంది. కాబట్టి చైతన్యస్రవంతి శిల్పం దానంతటదే ఆఘాతానికి సాక్ష్యం కాదు. ప్రవాహం ఎక్కడ ఆగిపోతున్నదో చూడాలి.

నవల శీర్షిక కూడా ఈ పఠనాన్నే బలపరుస్తుంది. భీష్ముడు పడుకున్నది ఒక్క బాణం మీద కాదు. అనేక శరాలు, స్పృహ కోల్పోని దేహం. రవి స్థితీ అదే.

4. ఒక ఆక్షేపణ

ఘటనను కేంద్రంగా చేసుకున్న నిర్వచనం సంకుచితమని, పేదరికం, కులావమానం నిత్యం అనుభవించేవారి గాయం అందులో ఇమడదని వాదించవచ్చు. ఈ వాదంలో బలముంది. అయితే ఆ గాయానికి రుగ్మత పేరు పెట్టిన మరుక్షణం కారణం సమాజం నుంచి వ్యక్తి మెదడులోకి మారిపోయే ప్రమాదముంది. రవిని రోగిగా మాత్రమే చదివితే అతనిని బాధించిన ఆర్థికవ్యవస్థ విమర్శ నుంచి తప్పించుకుంటుంది.

5. కథనాల్లో వైద్యుడు

రవి వేదనకు ‘అంపశయ్య’ వైద్యంలో పరిష్కారం వెతకలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పతనం చికిత్స దరిచేరకుండానే శ్మశానంలో ముగుస్తుంది. 1960 నాటి ‘చివరకు మిగిలేది’ చిత్రంలో ఆసుపత్రి ఉంది. కానీ అక్కడ మందు ప్రేమాభినయం. రోగిని బాగుచేసే నర్సు (సావిత్రి) చివరకు తానే రోగి అవుతుంది. ఈ మూడింటిలో వైద్యం లేకపోవడమో, ఆత్మబలిదానంగా మారడమో జరిగింది.

వాస్తవ చికిత్సకు ఈ చిత్రణలతో పోలిక లేదు. శిక్షణ పొందిన చికిత్సకుని సమక్షంలో రోగి ఆ ఘటనను క్రమక్రమంగా మాటల్లో పెడతాడు, తప్పించుకుంటున్న వాటిని మెల్లగా ఎదుర్కొంటాడు. అవసరమైనప్పుడు సెర్ట్రలిన్ వంటి మందులు తోడ్పడతాయి. లక్ష్యం మరచిపోవడం కాదు, గతాన్ని గతంగా గుర్తుంచుకోగలగడం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఈ సేవలను పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై అందుబాటులో ఉంది. అయినా హైదరాబాదు వ్యవహారంలో ‘ఎర్రగడ్డ’ అన్న ఊరిపేరు ఇప్పటికీ ఎగతాళిగానే వినిపిస్తుంది. ఒక వైద్యాలయం ఉన్న చోటు తిట్టుగా మారిన భాషలో సహాయం కోరడం ఎంత కష్టమో పరిశోధకులు గమనించాలి.

6. ముగింపు

రవిది ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అనడానికి నవలలో తగిన ఆధారం లేదు. అంతమాత్రాన అతనికి సహాయం అక్కరలేదని కాదు. ఆందోళన, కుంగుబాటు కూడా చికిత్సకు లొంగేవే. వైద్యుని దగ్గరకు వెళ్లడానికి రోగం పేరు ముందుగా తెలియవలసిన పనిలేదు. నిర్ధారణ వైద్యుని పని.

‘అంపశయ్య’ను బోధించే తరగతిలో రవిని తనలో చూసుకునే విద్యార్థి ఉండవచ్చు. అతని నిద్రలేని రాత్రులను సున్నితత్వమని మెచ్చుకుని వదిలేయడం ఎంత పొరపాటో, చదివిన నాలుగు లక్షణాలతో రోగముద్ర వేయడమూ అంతే పొరపాటు. నవలను సాహిత్యంగా విశ్లేషిస్తూనే, విద్యార్థిని వైద్యుని వద్దకు నడిపించగల అధ్యాపకుడు ఆ రెంటినీ తప్పించగలడు.