స్వయంశిక్షణ – యంత్రపు లెక్క

స్వయంగా చదువుకొనేవారికి తోడ్పడతామనే యాప్‌లు నేడు మన విద్యార్థుల చేతుల్లో కొల్లలుగా ఉన్నవి. పుస్తకాన్ని విమర్శించినట్లే వీటినీ విమర్శించాలని నా అభిప్రాయం. ప్రతి రచనలో ఒక జీవిత దృక్పథం ఉన్నట్లే, ప్రతి యాప్‌లోనూ చదువును గురించిన ఒక దృక్పథం దాగి ఉన్నది.

'ఆంకీ'ని తీసుకుందాం. డేమియన్ ఎల్మ్స్ 2006లో దీన్ని విడుదల చేశాడు. చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండవవైపు జవాబు. జ్ఞాపకమున్న చీటీ చాలా రోజులకుగాని తిరిగి రాదు. మరచినది త్వరలోనే వస్తుంది. ఈ పద్ధతికి మూలం 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ ప్రకటించిన పరిశోధన. నేర్చినది మొదట వేగంగానూ, తర్వాత నెమ్మదిగానూ మరపునబడుతుందని అతడు తనమీదనే ప్రయోగించి చూపాడు. అయితే అతడు ప్రధానంగా వల్లెవేసినవి అర్థంలేని అక్షరసముదాయాలు! ఈ సంగతి మనం మరువరాదు.

ఉత్పలమాలకు గణాలేవంటే 'భ ర న భ భ ర వ' అని చీటీ వెనుక రాసుకోవచ్చు. అది జ్ఞాపకముండటం అవసరమే. వల్లెవేయటాన్ని నేను చులకన చేయను. కాని గురజాడ ముత్యాల సరాన్ని ఎందుకు చేపట్టాడన్న ప్రశ్నకు చీటీ వెనుక చోటు చాలదు. ఆ జవాబు మన అవగాహనతోపాటు పెరుగుతుంది.

'డ్యుయోలింగో' సంగతి వేరు. 2021లో దాని వాటాలు స్టాక్ మార్కెట్టు కెక్కినవి. ఎన్నాళ్లు విడవకుండా వచ్చావన్న లెక్క అక్కడ ఏమి నేర్చావన్న ప్రశ్నను మింగివేస్తున్నది. ఫ్యాక్టరీ హాజరుపట్టీకీ దీనికీ భేదమేమిటి? విద్యార్థి రాకడే సరుకైనచోట, అతడు నేర్చుకొని వెళ్లిపోవటం యజమానికి నష్టం! ఆంకీ ఈ దోషానికి చాలా దూరం. కంప్యూటరులో దాన్ని ఉచితంగా వాడవచ్చు. దాని ప్రోగ్రామును ఎవరైనా చదివి సవరించవచ్చు.

మరి మనకు కావలసినదేమిటి? వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం వంటి సంస్థలను నిలిపిన గ్రంథాలయోద్యమం మనకు పుస్తకంతోపాటు పక్కన కూర్చుని చదివే మనిషినీ ఇచ్చింది. అతనితో వాదించి మన తప్పు తెలుసుకున్నాం. ఆంకీ మనం మరచిన జవాబును తిరిగి తెస్తున్నది. మనం రాసుకున్న అభిప్రాయాన్ని ఏడాది తర్వాత తిరిగి తెచ్చి, “ఇంకా ఇదే అంటావా?” అని అడిగే సాధనం కావాలి; ఆ రాతను తోటివారి ముందు పెట్టగలగాలి; విడిచి వెళ్లేటప్పుడు మన రాత మన వెంట రావాలి. ప్రోగ్రాములు నేర్చిన మన విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే, సాహిత్యం చదివినవారు ప్రశ్నలు తయారుచేయటానికి వెనుదీయరాదు.