కాశీయాత్ర చరిత్రలో కనిపించని కుటుంబం: కడప – కందనూరు దారి ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు యాత్రాసాహిత్యాన్ని గురించిన చర్చ ఏదైనా ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ దగ్గరే మొదలవుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ, గయ మొదలైన క్షేత్రాలు సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. దారి పొడవునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపిన విశేషాలే గ్రంథరూపం ధరించాయి. 1836లో వీరాస్వామయ్య మరణించగా, 1838లో శ్రీనివాసపిళ్ళె ఆ గ్రంథాన్ని అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో వచ్చిన ప్రతి ఆధునిక పరిశోధకులకు దారి చూపింది.

ఈ గ్రంథాన్ని చరిత్రకారులు దేశస్థితికి సాక్ష్యంగా, భాషావేత్తలు వాడుకభాషకు నిదర్శనంగా, సామాజికశాస్త్ర విద్యార్థులు కులాల, ఆచారాల సమాచారానికి ఆకరంగా ఉపయోగించుకున్నారు. అయితే ఇది ప్రధానంగా ఒక కుటుంబ ప్రయాణం అన్న సంగతి పరిశోధనల్లో ఒక వాక్యానికి పరిమితమైపోయింది. వీరాస్వామయ్య ఒంటరి యాత్రికులు కారు. సకుటుంబంగా, సుమారు నూరుమంది పరివారంతో సాగిన యాత్ర ఇది. ఇంతమంది నడిచిన దారి ఒక్కరి కంటితోనే మనకు ఎందుకు కనిపిస్తున్నది? ఆ కుటుంబం గ్రంథంలో ఎక్కడ దాగి ఉన్నది? ఈ ప్రశ్నలను కడప, కందనూరు సీమల దారికి పరిమితం చేసుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కందనూరు అంటే నేటి కర్నూలు.

గడప దాటిన ప్రయాణం

ఈ సీమలోని రెండు ప్రధాన పట్టణాల పేర్లూ ప్రయాణానికి సంబంధించినవే. తిరుమల వేంకటేశ్వరుని దర్శనానికి వెళ్ళేవారికి గడప వంటిది కనుక కడప అయిందని జనశ్రుతి. ఆలంపురం గుడి కట్టడానికి రాళ్ళు మోసుకువెళ్ళే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇరుసులకు కందెన పూసుకున్న చోటు కనుక కందెనవోలు అయిందని కర్నూలు ఐతిహ్యం. స్థలనామశాస్త్రం వీటిని ఎంతవరకు అంగీకరిస్తుందన్నది వేరే చర్చ. ఈ సీమను దాటి వెళ్ళే దారిగా జనం తలచుకున్నారన్నది మాత్రం ఈ రెండు కథలవల్లా తెలుస్తున్నది. దక్షిణాది నుంచి కాశీకి పోయే తెలుగువారికి కూడా ఇది దాటవలసిన సీమే.

1830 నాటికి ఈ దాటడంలో రాజకీయార్థం కూడా ఉంది. 1800లో నిజాం దత్తం చేసిన మండలాలలో భాగంగా కడప ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. కందనూరు మాత్రం కంపెనీకి పేష్కషు చెల్లిస్తూ నవాబు చేతిలోనే ఉంది. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి తొలగించేవరకు ఆ స్థితి కొనసాగింది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. అంటే చెన్నపట్నంలో కంపెనీ న్యాయస్థానపు ఉద్యోగిగా గౌరవం పొందిన మనిషి, అహోబిల, శ్రీశైల ప్రాంతాలకు వచ్చేసరికి పరాయి పాలనలో అడుగుపెట్టినట్టే. భాష మారలేదు, దేవుడు మారలేదు. మారింది సుంకం వసూలు చేసే చెయ్యి. యాత్రికులనుంచి సొమ్ము రాబట్టుకుంటూ ఆలయాల బాగోగులు పట్టించుకోని నవాబు పాలన మీద వీరాస్వామయ్య అసంతృప్తి వ్యక్తం చేశారు. ఈ విమర్శను సాధారణంగా రాజకీయ వ్యాఖ్యగా చదువుతారు. ఇంటిల్లిపాదినీ వెంటపెట్టుకున్న గృహస్థుడి ఆందోళనగా కూడా దీన్ని చదవవచ్చు. తలకింత అని సొమ్ము అడిగేచోట ఒంటరి బైరాగికి ఒకటే తల. కుటుంబయజమాని మాత్రం తనవెంట ఉన్న తలలన్నీ లెక్కపెట్టుకోవాలి.

ఏకవచనం వెనుక నూరుమంది

గ్రంథకథనంలో మొదట గమనించవలసింది క్రియారూపం. ఊరు విడిచినా, ఊరు చేరినా, నది దాటినా వీరాస్వామయ్య ఎక్కువగా వాడేది ఉత్తమపురుష ఏకవచనం. నూరుమంది లేచి, సామాను కట్టి, పల్లకీలు ఎత్తి, నడిచి, దిగి, వండి, తిని, పడుకున్న దినచర్య ఒక్క ‘నేను’లో ఇమిడిపోతుంది. ఇది అహంకారం వల్ల కలిగిన ఫలితం కాదు. ఆనాటి లేఖాసంప్రదాయంలో పరివారం యజమాని వ్యక్తిత్వంలో భాగం. యజమాని చేరాడంటే అందరూ చేరినట్టే. పైగా ఇంటి ఆడవారి సంగతులు పరులకు రాసే ఉత్తరంలో ప్రస్తావించకపోవడం నాటి మర్యాద.

ఈ సమాధానం కొంతవరకే సరిపోతుంది. వీరాస్వామయ్య శరీరానికి సంబంధించిన విషయాల్లో మౌనం పాటించిన రచయిత కారు. నీళ్ళ గుణం, గాలి తీరు, తిండిసరుకుల లభ్యత, ఆరోగ్యం మొదలైనవాటిని శ్రద్ధగా నమోదు చేశారు. ఇంటి మాటతీరుకు దగ్గరగా ఉండే భాషలో రాశారు. గిడుగు రామమూర్తి ఉద్యమానికి ఎన్నో దశాబ్దాల ముందే వాడుకతెలుగులో ఇంత విస్తారమైన వచనం వెలువడిందని విమర్శకులు మెచ్చుకున్నది ఇందుకే. కానీ ఆ ఇంటిభాషలో ఇల్లు లేదు. కుటుంబసభ్యులు పాత్రలుగా ఎదగరు. ఆ నూరుమందిలో పసివారున్నారనుకుంటే వారి ఆకలి, మారాము, నిద్ర, జ్వరం కథనాన్ని నడిపించవు. దారిలో ఎదురైన కొత్తదాన్ని చూసి ఇదేమిటని అడిగే గొంతు వినిపించదు.

ఈ లోటు ఎంతటిదో మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’తో పోల్చినప్పుడు తెలుస్తుంది. అక్కడా కాశీప్రయాణమే, అక్కడా మజిలీలే. అయితే మణిసిద్ధుడనే యతి వెంట బయలుదేరిన గోపకుమారుడు ఒక షరతు పెడతాడు. దారిలో తాను చూసిన వింతను గురించి అడిగితే యతి ఆ కథ చెప్పాలి. పిల్లవాడి ప్రశ్న లేకపోతే ఆ గ్రంథంలో కథ లేదు, కథ లేకపోతే తరువాతి మజిలీ లేదు. కల్పిత కథాసాహిత్యం పిల్లవాడికి ఇచ్చిన ఈ స్థానాన్ని వాస్తవ యాత్రాకథనం ఇవ్వలేదు. దారి పెద్దలకు సమాచారం, పిల్లలకు ప్రశ్న అన్న భేదం ఈ రెండు గ్రంథాల మధ్య స్పష్టంగా ఉంది.

మజిలీల లెక్కలో కుటుంబం

కుటుంబం పాత్రలుగా లేకపోయినా, ప్రయాణపు ఏర్పాట్లలో ఉన్నది. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ నీటివసతి ఉన్నది, ఎక్కడ దిగడానికి సత్రమో తోపో దొరుకుతుంది, దారి ఇసుకా, రాయా, అడవా అన్న వివరాలు గ్రంథమంతటా వస్తాయి. ఒంటిమనిషికి ఇంత సమాచారం అవసరం లేదు. పిడికెడు అటుకులతో చెట్టుకింద పడుకోగలవాడికి అంగడి ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. ఈ వివరాలన్నీ పదిమందికి వండిపెట్టవలసిన ఇంటి అవసరాలనుంచి పుట్టినవి.

కడపసీమలో ఇది మరింత స్పష్టమవుతుంది. తిరుపతి నుంచి కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట మీదుగా కడపకు, అక్కడినుంచి దువ్వూరు వైపు అహోబిలానికి సాగే దారిని వారు ఎండాకాలం చివర తొక్కారు. ఆ రోజుల్లో చెయ్యేరు, పెన్న వంటి నదులు ఇసుకమేటలుగా ఉంటాయి. చెలమ తీస్తేగాని నీళ్ళు ఊరవు. కర్నూలు – కడప కాలువ నిర్మాణం 1860లలో గాని మొదలుకాలేదు. తొలకరి పడితే కుందూ లోయలోని నల్లరేగడి కాళ్ళను పట్టేస్తుంది. అంటే కొన్ని రోజుల తేడాతో దప్పిక, బురద రెండూ ఎదురయ్యే దారి ఇది. ఇటువంటి సీమలో మజిలీ ఎంపిక అభిరుచికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న ఈ సీమలోని పత్తికొండలోనే కలరాతో మరణించారు. అప్పటికి మూడేళ్ళే అయింది. అధికారమంతా వెంట ఉన్నవాడిని కూడా దారి వదిలిపెట్టలేదు. ఆ సంగతి ఎరిగిన కాలంలో ఇంటివారిని వెంటబెట్టుకుని కదిలిన మనిషికి మంచినీటి బావిని గురించిన ఒక్క మాటలో ఎంత భయం, ఎంత బాధ్యత దాగి ఉంటాయో ఊహించవచ్చు.

శ్రీశైలం దారి మరొక కీలకస్థలం. ఆత్మకూరు దాటితే నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా నల్లమలలో కాలిబాట. బండి సాగదు. నడవలేనివారికి డోలీయే గతి. ఆ అడవిలో చెంచుల సహాయం లేకుండా యాత్ర సాగేది కాదు. ఇటువంటి చోట ప్రతి కుటుంబమూ ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎవరు కొండెక్కాలి? ఎవరు కింద ఆగాలి? ఏ సామాను వదలాలి? ముసలివారిని, పసివారిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? శిఖరదర్శనంతో పునర్జన్మ లేదని నమ్మే సమాజంలో కింద ఆగిపోవడం చిన్న త్యాగం కాదు. వీరాస్వామయ్య ఈ దారి కష్టాన్ని వర్ణించారు గాని, ఇటువంటి నిర్ణయాల వెనుక జరిగే సంభాషణను కథనంలోకి తేలేదు. పరిశోధకుడు చదవవలసింది ఆ ఖాళీని.

నింపాది ఎవరిది?

ఈ యాత్ర పదిహేను నెలలకు పైగా సాగింది. తొందర లేదు. నచ్చినచోట ఆగడం, స్థానికులతో మాట్లాడడం, వేదాంతవిచారం చేయడం, రాసుకోవడం అన్నింటికీ వ్యవధి ఉంది. పాఠకుడికి గ్రంథం ఇచ్చే ఆనందంలో ఈ నింపాదితనం ప్రధానమైనది. అయితే ఆ నింపాది ఊరికే రాలేదు. పల్లకీ మోసిన బోయీల భుజాలు, ముందుగా వెళ్ళి దిగుడు చూసిన పనివారి కాళ్ళు, మజిలీ చేరగానే పొయ్యి రాజేసిన చేతులు దాన్ని సాధ్యం చేశాయి. రచయిత పల్లకీలోనుంచి దేశాన్ని చూడగలిగింది పల్లకీ కదులుతున్నందువల్లనే. వీరాస్వామయ్య బోయీల అవసరాన్ని గుర్తించని యజమాని కారు. అయినా వారి అలసట దూరాల లెక్కలో కలిసిపోయింది గాని ఒక అనుభవంగా నిలవలేదు.

ఇక్కడ కుటుంబస్త్రీల, పిల్లల మౌనం, బోయీల మౌనం ఒక్కటి కావని గుర్తించాలి. మొదటిది మర్యాద విధించిన మౌనం, రెండవది అంతరం విధించిన మౌనం. రెండింటినీ ఒకే ‘నేను’ కప్పివేసింది. ఒకదాన్ని మాత్రమే వెలికితీసి రెండవదాన్ని విడిచిపెట్టే విమర్శ అసంపూర్ణమవుతుంది.

ముగింపు

‘కాశీయాత్ర చరిత్ర’లో కుటుంబం లేదనడం సరికాదు. అది మనుషులుగా లేదు, ఏర్పాట్లుగా ఉంది. మజిలీ ఎంపికలో, విరామంలో, నీటి ప్రస్తావనలో, సుంకం మీది చిరాకులో ఉంది. గ్రంథాన్ని సమాచారపు గాదెగా మాత్రమే వాడుకునే పరిశోధన, రచయిత ఒకసారి దాచినవారిని రెండవసారి దాచినట్టవుతుంది. రాయలసీమ చరిత్ర మీద పనిచేసేవారు ఈ గ్రంథంలోని అంగళ్ళ, బావుల, దూరాల వివరాలను పట్టికలుగా ఎక్కించేముందు, అవి ఎవరి అవసరంకోసం సేకరించినవో ఒకసారి అడగడం మంచిది.

ఈ ప్రశ్న 1830తో ముగిసేది కాదు. నేడు కడప నుంచి మైదుకూరు, దువ్వూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు జాతీయ రహదారి మీద కుటుంబాలు ఒక పూటలో చేరుకుంటున్నాయి. ఈ సీమనుంచి వెళ్ళి విదేశాల్లో స్థిరపడినవారు సెలవుల్లో పిల్లలతో కారు ప్రయాణాలు చేసి, ఆ అనుభవాలను తెలుగులో రాస్తున్నారు. ఆ రచనల్లో పిల్లలు వెనకసీట్లోనుంచి కథనం మధ్యకు వచ్చారు. వారి ప్రశ్నలే దారిని నిర్ణయిస్తున్నాయి. గోపకుమారుడికి దక్కిన స్థానం వాస్తవ యాత్రాకథనంలోనూ పిల్లలకు దక్కడం మంచి పరిణామమే. కానీ గదులు శుభ్రం చేసేవారు, అర్ధరాత్రి ఇంధనం నింపేవారు, వంటశాలల్లో నిలబడి పనిచేసేవారు ఆ రచనల్లో ఎంతవరకు కనిపిస్తున్నారు? పల్లకీ పోయింది. మోసేవారు పోలేదు, కంటికి మరింత దూరమయ్యారు. తెలుగు కుటుంబ యాత్రాకథనాన్ని అంచనా వేసే విమర్శకు, ఎవరు చూశారన్న ప్రశ్నతోపాటు ఎవరు మోస్తే చూడగలిగారన్న ప్రశ్న కూడా అవసరం. ఆ ప్రశ్నను ‘కాశీయాత్ర చరిత్ర’ నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.