చౌకకాలంలో జాజ్

శనివారం భోజనాలయ్యాక మా ఇంట్లో నలుగురం కూర్చుని సంగీతం వినడం అలవాటు. మొన్న రెండు రికార్డులు పెట్టాం. రెండూ ‘పై’ రికార్డింగ్స్ వారివే. (మనం కింద, పైన అనే పై కాదు; లెక్కల్లో వచ్చే పై.) 2001లో న్యూయార్కులో మొదలైన చిన్న స్వతంత్ర సంస్థ ఇది. అయినా వీరు 2015లో తెచ్చిన హెన్రీ త్రెడ్‌గిల్ రికార్డులోని రచనకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది.

మొదట పెట్టింది 2008 నాటి ‘కిన్స్‌మెన్’. అంటే బంధువులన్న మాట. రుద్రేశ్ మహంతప్పదీ, 2019లో స్వర్గస్థులైన కద్రి గోపాలనాథ్ గారిదీ రెండు శాక్సఫోన్లు. పూవలూరు శ్రీజి మృదంగం. మన విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి గారి వయొలిన్. వీటి సరసన గిటారు, బాస్, డ్రమ్స్. కన్యాకుమారి గారి ఆలాపన రాగానే వంటింట్లో ఉన్నవారు కూడా వచ్చి కూర్చున్నారు. తలలూగాయి. మృదంగం, డ్రమ్స్ కలిసి విజృంభించినచోట కొంచెం ఇరుకనిపించింది మాకు. అయినా మంచి రికార్డు.

తర్వాత పెట్టింది 2023లో వచ్చిన ‘కంటిన్యూయింగ్’. టైషాన్ సోరీ డ్రమ్స్, ఆరన్ డీల్ పియానో, మాట్ బ్రూవర్ బాస్. ముగ్గురే. పాటలు నాలుగే. అయిదు నిమిషాలు గడిచాయో లేదో ఒక మిత్రులు, “ఇంకా శ్రుతి చేసుకుంటున్నారా అండీ?” అన్నారు. అందరం నవ్వాం. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

మనకు చౌకకాలం కొత్త కాదే! క్షేత్రయ్య పదం తాపీగా సాగుతుంటే, ఎప్పుడు ముగుస్తుందని అడుగుతామా? వేగంలో తప్పులు దాగుతాయని, నిదానంలో విద్వత్తు బయటపడుతుందని మన పెద్దలే అనేవారు. సోరీ చేసిందీ అదే. వేన్ షార్టర్, అహ్మద్ జమాల్ వంటివారి పాత రచనలను తీసుకుని కాలం బాగా తగ్గించాడు. మాట్ డెన్నిస్ కట్టిన ‘ఏంజెల్ ఐస్’ అసలే నెమ్మది పాట. ఇక్కడ ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య మనం గుక్క తిప్పుకోవచ్చు. పియానో తొందరపడదు. డ్రమ్స్ వాయించేవాడే నాయకుడైనా తన గొప్ప చాటుకోడు. అయితే మన పదంతో పోలిక అంతవరకే. మన కచేరీలో చేయి తాళం వేస్తుంది. ఇక్కడ లెక్కను ఎవరూ చూపించరు, మనమే లోపల మోసుకోవాలి. ఆ బరువే మా మిత్రులకు విసుగనిపించి ఉండాలి.

చివరి పాట హెరాల్డ్ మేబర్న్‌ది. అంతవరకు దాచుకున్న ఊపంతా అందులో విప్పుతారు. నిజం చెప్పాలంటే, ఆ ఊపు కాస్త ముందే ఆగితే బాగుండేదనిపించింది. మేబర్న్ మన న్యూజెర్సీలోనే, వేన్‌లోని విలియం పేటర్సన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినవారు. సోరీ అక్కడే చదివాడు. 1980లో పుట్టింది న్యూవార్క్‌లో. ఇండియా నుంచి వచ్చే అత్తగారినీ మామగారినీ విమానం దగ్గర దింపుకోవడానికి తప్ప మనం ఆ ఊరు ఏనాడు వెళ్ళాం? ఇన్నేళ్ళుగా పక్కింటివారి సంగీతం మనకు తెలియదు. తెలుసుకోబోయినా అందులో మన మృదంగం వినిపించినంత మేరకే మెచ్చుకుంటున్నాం. ‘కిన్స్‌మెన్’ అని పేరు పెట్టిన రికార్డులో బంధువులు దొరకడం ఏం వింత! వయొలిన్ లేని, ఆలాపన లేని ఆ రెండోదానిలో దొరుకుతారా అన్నదే మా ప్రశ్న.

మా రెండోవాడు ఆ రాత్రి హోంవర్కు పక్కన పడేసి ‘ఏంజెల్ ఐస్’ మళ్ళీ పెట్టమన్నాడు. వచ్చే శనివారం ముందుగా అదే పెడతాం. శ్రుతి సంగతి అడిగిన మిత్రులకు ఇప్పటికే ఫోను చేసి చెప్పాం. పెసరట్లు ఉంటే వస్తామన్నారు.